స్పర్శ తెలిసినా సెగ తెలియని పాదం: నొప్పికీ వేడికీ ఒకే దారి ఎందుకు?

క్లుప్తంగా: నొప్పి, వేడి, చలి స్పర్శలో భాగాలు కావు. వాటి నాడులు వేరు, వెన్నుపాములో వాటి దారి వేరు. అందుకే కొన్ని జబ్బుల్లో స్పర్శ మిగిలి, ఆ మూడూ ఒకేసారి పోతాయి. చర్మం వస్తువు వేడిని కొలవదు, తన వేడిలో వచ్చిన మార్పును గమనిస్తుంది. నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి గాయం ఎంత ఉందో చెప్పలేం.

షుగర్ చాలా ఏళ్లుగా ఉన్న మనిషి పాదాన్ని దూదితో తాకితే, కళ్లు మూసుకున్నా ఎక్కడ తాకారో చెప్పేస్తాడు. బొటనవేలిని పైకి వంచారా కిందికి వంచారా అన్నది కూడా చెబుతాడు. అదే పాదాన్ని మరీ వేడినీళ్లలో పెట్టి, బొబ్బ లేచాక గానీ కాలిన సంగతి గుర్తించడు. నరాల పరీక్ష చేయిస్తే అంతా బాగానే ఉందని రిపోర్టు వస్తుంది. రోగి చెప్పేది అబద్ధం కాదు, యంత్రం చూపించేదీ తప్పు కాదు. ఆ రెండూ ఒకేసారి నిజమెలా అవుతాయో తెలియాలంటే చర్మం నుంచి మెదడు దాకా వార్త వెళ్లే దారిని చూడాలి.

## చర్మంలో ఏముంది

స్పర్శను పట్టే నాడీ కొసలకు ప్రత్యేకమైన అమరికలు ఉంటాయి. కొన్ని ఉల్లిపొరల్లా చుట్టుకుని ఉంటాయి, కొన్ని చిన్న గుళికల్లా ఉంటాయి. నొప్పినీ ఉష్ణాన్నీ పట్టే కొసలకు అలాంటి హంగు ఏదీ లేదు. నరం వేరులా చీలి, చర్మం పైపొర కణాల మధ్యకు చొచ్చుకొచ్చి అక్కడే ఆగిపోతుంది. మైక్రోస్కోపులో అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. వేడిని పట్టేదేది, చలిని పట్టేదేది, హానిని మాత్రమే పట్టించుకునేదేది అన్నది ఆకారాన్ని బట్టి తేలదు. తేడా అంతా ఆ కొసల పొరలో ఇమిడి ఉన్న ప్రోటీన్లది.

ఈ ప్రోటీన్లను అయాన్ ఛానెళ్లు అంటారు. మూసి ఉన్న తలుపుల్లాంటివి. తగిన ప్రేరణ అందగానే తెరుచుకుంటాయి, సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, నాడిలో విద్యుత్ సంకేతం పుడుతుంది. ఏ తలుపు దేనికి తెరుచుకుంటుందన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండిపోయింది. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం దాన్ని విప్పిన పద్ధతి గమనించదగ్గది. మిరపలోని ఘాటు పదార్థం క్యాప్సైసిన్. దానికి ఏమాత్రం స్పందించని కణాలను తీసుకుని, నొప్పి నాడుల్లో పనిచేసే జన్యువులను వాటిలోకి కొన్ని కొన్నిగా చొప్పించారు. ఏ జన్యువు చేరాక క్యాప్సైసిన్ తగలగానే కణంలో కాల్షియం పొంగుతోందో వెతికారు. చివరికి ఒక్క జన్యువు మిగిలింది. అది తయారుచేసే ప్రోటీనే టీఆర్‌పీవీ1. ఆ తలుపు మిరప ఘాటుకే కాదు, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికీ తెరుచుకుంటుంది. ఆమ్లానికీ స్పందిస్తుంది.

అంటే కారం తింటే నోరు మండుతుందన్న మాట అలంకారం కాదు. క్యాప్సైసిన్ తగిలిన టీఆర్‌పీవీ1కు తెరుచుకోవడానికి 43 డిగ్రీలు అక్కర్లేదు, నోటి మామూలు వేడే సరిపోతుంది. మెదడుకు అందే కబురు మాత్రం 'కాలుతోంది' అనే. చల్లటి నీళ్లు పుక్కిట పట్టినంతసేపు మంట తగ్గి, ఉమ్మేయగానే తిరిగి రావడానికి కారణం ఇదే. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, కాబట్టి నీళ్లు నోటిని చల్లబరుస్తాయే తప్ప దాన్ని కడిగెయ్యలేవు. పక్షుల్లో ఈ ప్రోటీన్ నిర్మాణం కాస్త వేరు. చిలుక మిరపపండును తాపీగా నమలగలగడం అందువల్లే.

చలి సంగతి 2002లో తేలింది. జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ బృందాలు విడివిడిగా పనిచేసి, పుదీనాలోని చల్లటి పదార్థం మెంథాల్ సాయంతో ఒకే ప్రోటీన్ దగ్గరికి చేరాయి. దాని పేరు టీఆర్‌పీఎం8. చర్మం 25-28 డిగ్రీల కిందికి దిగితే అది తెరుచుకుంటుంది. పుదీనా నూనె రాసినచోట చర్మం చల్లబడకపోయినా చల్లగా అనిపించడం దీని పనే. పటపూటియన్ బృందం 2010లో ఒత్తిడిని పట్టే పీజో ప్రోటీన్లను కూడా కనిపెట్టింది. ఈ పరిశోధనలకు ఆ ఇద్దరికీ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది.

వార్తల్లో టీఆర్‌పీవీ1ను 'వేడి గ్రాహకం' అని రాసేస్తుంటారు. వేడి నొప్పికి అదొక్కటే ఆధారం కాదు. దాన్ని తొలగించిన ఎలుకలు కూడా వేడి తగిలితే కాలు లాక్కుంటాయి. టీఆర్‌పీవీ1, టీఆర్‌పీఎం3, టీఆర్‌పీఏ1 మూడింటినీ తీసేస్తే గానీ ఆ స్పందన పోలేదని 2018లో తేలింది. మూడింట్లో ఏ ఒక్కటి మిగిలినా పని జరిగిపోతుంది. నిప్పు నుంచి తప్పించుకునే ఏర్పాటును శరీరం ఒక్క తలుపుకే వదిలెయ్యలేదు.

## థర్మామీటర్ కాదు

ఒకే గదిలో రాత్రంతా ఉన్న ఉక్కు పలక, చెక్క పలక రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. ముట్టుకుంటే ఉక్కు చల్లగా ఉంటుంది. ఉక్కు చర్మం నుంచి వేడిని గబగబా లాగేస్తుంది, చెక్క అలా లాగలేదు. నాడీ కొస ఉన్నది చర్మంలో. దానికి తెలిసేది చర్మం ఎంత వేగంగా చల్లబడుతోందన్నదే తప్ప, పలక ఎన్ని డిగ్రీల్లో ఉందన్నది కాదు.

చర్మం సాధారణంగా 32-34 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాదాపు 30 నుంచి 36 వరకు ఏ ఉష్ణోగ్రతలో ఉంచినా కాసేపటికి వేడీ చల్లనా ఏదీ అనిపించదు. ఆ హద్దులు దాటితే అలవాటు పూర్తిగా కుదరదు. కుడిచేతిని వేడినీళ్లలో, ఎడమచేతిని చన్నీళ్లలో కాసేపు ఉంచి, తర్వాత రెండింటినీ ఒకే గోరువెచ్చటి నీళ్లలో ముంచితే కుడిచేతికి చల్లగా, ఎడమచేతికి వెచ్చగా తోస్తుంది. నీళ్లు వేడిగా ఉన్నాయా లేదా అని చేత్తో చూసి తేల్చుకునేవాళ్లు గుర్తుంచుకోవలసిన విషయం ఇది. అంతకుముందు ఆ చెయ్యి ఎక్కడుందన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

చర్మం మీద చలిని పట్టే చుక్కలు వేడిని పట్టే చుక్కల కన్నా చాలా ఎక్కువ. పైగా చలి నాడుల్లో కొన్ని 45 డిగ్రీలు దాటాక మళ్లీ సంకేతాలు పంపడం మొదలుపెడతాయి. మరీ వేడినీళ్లు ఒంటిమీద పడ్డ మొదటి క్షణంలో చల్లగా జివ్వుమనిపించడం అందుకే.

నొప్పి మొదలయ్యే 43-45 డిగ్రీల హద్దుకు ఒక లెక్క ఉంది. 1940ల్లో మోరిట్జ్, హెన్రిక్స్ చేసిన ప్రయోగాల ప్రకారం 44 డిగ్రీల వేడి చర్మాన్ని కాల్చడానికి సుమారు 6 గంటలు పడుతుంది. అక్కడి నుంచి 51 డిగ్రీల దాకా ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ ఆ సమయం సుమారు సగానికి పడిపోతుంది. 60 డిగ్రీల దగ్గర 5 సెకన్లు, 70 దగ్గర 1 సెకను చాలు. నొప్పి హద్దు సరిగ్గా హాని మొదలయ్యేచోటే ఉంది. కాబట్టి మామూలు మనిషికి తప్పుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ హెచ్చరిక అందని పాదానికి 45 డిగ్రీల వేడినీళ్ల సంచి కూడా ప్రమాదమే. నొప్పి లేదు కాబట్టి గంటల తరబడి అలాగే ఉంచేస్తారు.

## ఒక్క దెబ్బకు రెండు నొప్పులు

కాలి చిటికెనవేలు మంచం కోడుకు గట్టిగా తగిలితే ముందు చురుక్కుమంటుంది. ఒక్క క్షణం విరామం. ఆ తర్వాత సలుపు మొదలవుతుంది, అది తొందరగా వదలదు. ఈ రెండూ నరంలోని వేర్వేరు తంతువుల (సన్నటి నాడీ పోగుల) మీద వచ్చిన వార్తలు.

స్పర్శను మోసే తంతువులు లావుగా ఉంటాయి, చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు దళసరిగా ఉంటుంది. సెకనుకు 35-75 మీటర్ల వేగంతో సంకేతాన్ని పంపుతాయి. చురుకు నొప్పిని, చలిని మోసే ఏ-డెల్టా తంతువులకు పల్చటి తొడుగు, 5-30 మీటర్ల వేగం. సలుపును, మంటను, వెచ్చదనాన్ని మోసే సీ తంతువులకు తొడుగే లేదు. వాటి వేగం సెకనుకు 0.5 నుంచి 2 మీటర్లు, అంటే మనిషి నడక వేగం. కాలివేలి నుంచి వెన్నుపాముకు సుమారు మీటరు దూరం అనుకుంటే, 20 మీటర్ల వేగంతో వచ్చేది సెకనులో ఇరవయ్యో వంతులో చేరుతుంది. మీటరు వేగంతో వచ్చేదానికి నిండా ఒక సెకను కావాలి. మధ్యలోని విరామం ఇదే. ముఖానికి దెబ్బ తగిలితే ఈ ఎడం స్పష్టంగా తెలియదు, దూరం తక్కువ కదా.

కాలు వెనక్కి లాక్కోవడానికి మెదడు అనుమతి అక్కర్లేదు. వెన్నుపామే ఆ ఆజ్ఞ ఇచ్చేస్తుంది. నొప్పి తెలిసేసరికి కాలు అప్పటికే కదిలి ఉంటుంది.

మొదట్లోని రిపోర్టు చిక్కు ఇక్కడ విడిపోతుంది. నరాల వాహక వేగం కొలిచే పరీక్షకు లావు తంతువుల సంకేతాలే అందుతాయి. సన్న తంతువులది దానికి వినపడని గుసగుస. సన్నవి మాత్రమే చెడితే అరికాళ్లు మండుతున్నా, సెగ తెలియకపోయినా రిపోర్టు శుభ్రంగా వస్తుంది. పాదాల పరీక్షలో వాడే 10 గ్రాముల నైలాన్ పోగు, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్ కూడా లావు తంతువులనే పరీక్షిస్తాయి. సన్నవాటి సంగతి తెలియాలంటే పిన్నుతో మెల్లగా గుచ్చి చూడాలి, వేడి చల్లని వస్తువులు తాకించి అడగాలి. ఇంకా ఖచ్చితంగా కావాలంటే 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి పైపొరలో నాడీ కొసల సాంద్రత లెక్కిస్తారు. అన్నింటికన్నా తేలికైన పిన్ను పరీక్షే హడావుడిలో తరచూ వదిలేసేదీ కావడం విచిత్రం.

## వెన్నుపాములో దారి మళ్లింపు

చర్మం నుంచి వచ్చే తంతువులన్నీ ఒకే నరంలో కలిసి ప్రయాణించి, వెన్నుపాము గడప దగ్గర విడిపోతాయి. స్పర్శ తంతువులు వచ్చిన వైపునే వెనుక భాగంలో పైకి ఎక్కి, మెదడు అడుగుభాగానికి చేరాక అవతలి వైపుకు దాటతాయి. నొప్పి, ఉష్ణ తంతువులు అంత దూరం ఆగవు. వెన్నుపాములోకి అడుగుపెట్టగానే దాని వెనుకవైపు ఉండే, వెనుక కొమ్ము అనే భాగంలోని కణాలకు వార్త అప్పగిస్తాయి. ఆ కణాల తంతువులు ఒకటి రెండు మెట్ల ఎత్తులోనే నడిమధ్య నుంచి అవతలికి దాటి, ముందు-పక్క భాగంలో పైకి వెళతాయి. స్పైనోథలామిక్ మార్గం అంటే ఇదే.

ఈ అమరిక వల్ల వచ్చే లక్షణాలు తెలియనివాళ్లకు నమ్మశక్యంగా ఉండవు. వెన్నుపాము కుడి సగం తెగితే, దెబ్బకు కింద కుడికాలిలో బలమూ, కీళ్ల స్థితి తెలియడమూ పోతాయి. నొప్పి, వేడి తెలియకుండా పోయేది ఎడమకాలిలో. బ్రౌన్-సెకార్డ్ లక్షణ సముదాయం అని దీనికి పేరు. సిరింగోమైలియాలో వెన్నుపాము నడుమ నీటితిత్తి ఏర్పడి, సరిగ్గా ఆ దాటుడు చోటునే నొక్కేస్తుంది. అప్పుడు రెండు భుజాలు, చేతుల మీద శాలువా కప్పినంత మేర నొప్పి, ఉష్ణం తెలియవు, స్పర్శ మాత్రం ఉంటుంది. అలాంటివాళ్ల వేళ్ల మీద ఎప్పుడు కాలాయో తెలియని మచ్చలు కనిపిస్తాయి.

శస్త్రచికిత్సలోనూ ఇదే రుజువైంది. భరించలేని క్యాన్సర్ నొప్పికి ఈ ముందు-పక్క భాగాన్ని కోసే పద్ధతి 20వ శతాబ్దం మొదట్లో వచ్చింది. కోత సరిగ్గా పడితే అవతలి వైపు నొప్పి పోతుంది, దాంతోపాటు వేడి, చలి తెలియడమూ పోతుంది. ఒకటి ఉంచి రెండోది తీయడం కుదరదు.

అయినా ఈ రెండూ ఒకటే అనుకోకూడదు. దారి ఒకటి, బండ్లు వేరు. పుట్టుకతోనే నొప్పి తెలియని రెండు రకాల మనుషులను పోల్చి చూస్తే తేడా అర్థమవుతుంది. ఎన్‌టీఆర్‌కే1 జన్యువు చెడినవారిలో నొప్పి తంతువులు ఎదగనే ఎదగవు. వారికి నొప్పీ తెలియదు, ఉష్ణమూ తెలియదు, చెమట కూడా పట్టదు. ఎస్‌సీఎన్9ఏ జన్యువు చెడినవారి సంగతి వేరు. 2006లో ఉత్తర పాకిస్తాన్‌లోని మూడు కుటుంబాల్లో దీన్ని గుర్తించారు. వారికి తంతువులు ఉన్నాయి, సంకేతాన్ని పెంచే ఎన్‌ఏవీ1.7 అనే సోడియం ఛానెల్ మాత్రం పనిచేయదు. వాళ్లు వేడికీ చల్లనకూ తేడా చెప్పగలరు. కాలిన నొప్పి మాత్రం తెలియదు.

## మెదడు పాత్ర

మెదడు లోపలి కూడలి లాంటి థాలమస్ చేరిన వార్త అక్కడి నుంచి పలుచోట్లకు వెళుతుంది. ఎక్కడ, ఎంత అన్నది ఒక భాగం చూస్తే, ఎంత బాధగా ఉందన్నది ఇంకో భాగం చూస్తుంది. ఉష్ణాన్ని గుర్తించడంలో మెదడు మడతల లోపల దాగిన ఇన్సులా వెనుకభాగం ముఖ్యమైనది. 'నొప్పి కేంద్రం' అంటూ మెదడులో ఒకే చోటు లేదు.

మెదడు వార్తలు తీసుకోవడమే కాదు, వచ్చేవాటిని కిందనే ఆపగలదు. మధ్యమెదడు నుంచి వెన్నుపాముకు దిగే తంతువులు నొప్పి వార్తను తగ్గిస్తాయి, కొన్నిసార్లు పెంచుతాయి కూడా. మార్ఫిన్ పనిచేసే ముఖ్యస్థానాల్లో ఈ దారి ఒకటి. శరీరం స్వయంగా తయారుచేసుకునే మార్ఫిన్ లాంటి ఎన్‌కెఫాలిన్లను జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్‌లిట్జ్ 1975లో వెలికితీశారు. వెన్నుపాములో ఇంకో అడ్డుకట్ట ఉంది. దెబ్బ తగిలినచోట రుద్దుకుంటే స్పర్శ తంతువుల జోరు నొప్పి వార్తను అణచివేస్తుంది. రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించిన గేట్ సిద్ధాంతం సారం ఇదే. దాని వివరాలు తర్వాత కొంత మారినా మూలసూత్రం నిలిచింది.

## హద్దు జారిపోతే

ఎండకు కమిలిన వీపు మీద రోజూ పోసుకునే గోరువెచ్చటి నీళ్లే పోసుకున్నా భగ్గుమంటుంది. దెబ్బతిన్న కణాలు ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడీకైనిన్ వంటి రసాయనాలు వదులుతాయి. అవి టీఆర్‌పీవీ1 తెరుచుకునే హద్దును కిందికి లాగేస్తాయి. 43 దగ్గర మోగాల్సిన గంట ఒంటి వేడికే మోగుతుంది. నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి ఆ హద్దును మళ్లీ పైకి నెడుతుంది. గాయం లేనిచోట ఇలాంటి మందులు నొప్పి హద్దును పెద్దగా మార్చకపోవడానికి కారణం ఇదే. అక్కడ కిందికి జారిన హద్దంటూ లేదు.

నొప్పి చాలాకాలం సాగితే మార్పు వెన్నుపాములో జరుగుతుంది. అక్కడి కణాలు చిన్న వార్తకే పెద్దగా స్పందించడం నేర్చుకుంటాయి. చివరికి స్పర్శ తంతువు తెచ్చిన వార్తను కూడా నొప్పిగా చదువుతాయి. దుప్పటి తగిలితేనే పాదం మండుతుందన్న మాటను అతిశయోక్తిగా కొట్టిపారేయకూడదు. ఈ దశలో ఐబుప్రోఫెన్ పెద్దగా పనిచేయదు, అది పనిచేసే చోటు వేరు. ప్రెగాబలిన్, డ్యులాక్సెటిన్ వంటివి వాడేది ఇలాంటి నరాల నొప్పికే.

మంట, మొద్దుబారడం ఒకే పాదంలో కలిసి ఉండటం కూడా చాలామందిని తికమకపెడుతుంది. చచ్చిన కొసలు సెగను చెప్పలేవు. చావుబతుకుల్లో ఉన్నవి కారణం లేకుండానే కేకలు వేస్తుంటాయి. షుగర్‌లో అన్నిటికన్నా పొడవైన నరాల కొసలు ముందు చెడతాయి కాబట్టి కాలివేళ్లతో మొదలవుతుంది. మోకాలి దాకా వచ్చేసరికి చేతివేళ్లకూ సోకుతుంది. అందువల్ల పాదం నమ్మకంగా లేనివారు చేతివేళ్లనూ నమ్మకూడదు. నీళ్లను థర్మామీటర్‌తో చూడాలి, అది లేకపోతే మోచేత్తో చూడాలి. 37 డిగ్రీల దగ్గర ఆపాలి. కుష్ఠులో కూడా చర్మంపై మచ్చ ఉన్నచోట తరచుగా ముందు పోయేది ఉష్ణజ్ఞానమే. దూది పరీక్ష ఒక్కటే చేస్తే ఆ తొలిదశ దాటిపోతుంది.

కాలిన గాయం లోతెంతో నొప్పిని బట్టి కొలవడం ఇంకో పొరపాటు. పైపైన కాలితే కొసలు బతికే ఉంటాయి, విపరీతంగా మండుతుంది. లోతుగా కాలితే కొసలే కాలిపోతాయి, నొప్పి ఉండదు. నొప్పి లేని తెల్లటి లేదా నల్లటి కాలిన గాయాన్నే ముందుగా ఆసుపత్రిలో చూపించాలి. కాలిన వెంటనే పారే చల్లటి నీటి కింద 20 నిమిషాలు ఉంచడం సరైన పద్ధతి. ఐస్ పెడితే మొద్దుబారి హాయిగా అనిపిస్తుంది గానీ, రక్తనాళాలు ముడుచుకుని గాయం ఇంకా లోతుకు వెళ్లవచ్చు.

## ఒక్క తలుపే మూయగలమా

మత్తు సూదిలోని లిడొకేన్ అన్ని రకాల సోడియం ఛానెళ్లనూ మూసేస్తుంది. నొప్పితోపాటు వేడి, చలి, స్పర్శ, చివరికి కదలిక కూడా ఆగవచ్చు. పరిశోధకులు కోరుకునేది నొప్పి తంతువుకు మాత్రమే తగిలే మందు. 2025 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెద్దవాళ్లలో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన తాత్కాలిక నొప్పికి ఆమోదించిన సుజెట్రిజిన్ ఆ కోవలోదే. ప్రధానంగా నొప్పి నాడుల్లో ఉండే ఎన్‌ఏవీ1.8 ఛానెల్‌ను అది అడ్డుకుంటుంది. మిగతా సోడియం ఛానెళ్లు చలికి మందగించినా ఎన్‌ఏవీ1.8 పనిచేస్తూనే ఉంటుంది. వేళ్లు కొంకర్లు పోయేంత చలిలో స్పర్శ తగ్గినా నొప్పి మిగలడానికి అది ఒక కారణం.

టీఆర్‌పీవీ1ను మూసే మాత్రల కథ వేరేగా సాగింది. మనుషులపై పరీక్షల్లో కొందరికి ఒంటి వేడి జ్వరంలా పెరిగింది. ఆ తలుపుకు శరీర ఉష్ణోగ్రత నియంత్రణలోనూ పాత్ర ఉందని అప్పుడు స్పష్టమైంది. ఆ చిక్కు లేని మాత్రలతో మరొకటి వచ్చిపడింది. వాటిని వేసుకున్నవాళ్లకు హానికరమైన వేడి తగిలినా తొందరగా నొప్పి పుట్టలేదు. స్నానం నీళ్లు, వేడి పానీయాలు కాలుతున్నా తెలియని పరిస్థితి. షుగర్ ఏళ్ల తరబడి పాదానికి చేసిన పనిని మాత్ర కొన్ని గంటల్లో చేసిపెట్టింది.